నాలుగు రాజుల నిట్టూర్పు

ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా రండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. చేతిలో నాలుగు రాజుల్ని పెట్టుకుని ఉన్న ఇల్లు పోగొట్టుకున్న మనిషి కథ. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అతని తోడల్లుడికి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆసుపత్రిలో శవాల గది చూసుకునేవాళ్ళు ఇద్దరే. ఒకప్పుడు ఆ పని వాళ్ళ మామగారిది. ఆయన పెద్ద కూతుర్ని చేసుకున్నవాణ్ణి పెద్దల్లుడనీ, చిన్న కూతుర్ని చేసుకున్నవాణ్ణి చిన్నల్లుడనీ పిలిచేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా, ఇద్దరి నెత్తిమీదా వెంట్రుకలు నెరిసినా, ఆసుపత్రి అంతా వాళ్ళని అలాగే పిలిచేది. పెద్దల్లుడిది పొద్దున ఆరు నుంచి రెండు దాకా, చిన్నల్లుడిది రెండు నుంచి పది దాకా. ఆసుపత్రి వెనకాల క్వార్టర్స్‌లో పెద్దల్లుడు మేడ మీద, చిన్నల్లుడు కింద ఉండేవారు.

ఆ సోమవారం పొద్దున పెద్దల్లుడు వేసుకున్న పథకం చిన్నది. రెండింటికి డ్యూటీ దిగి, వస్తూ వస్తూ పది గజాల నైలాన్ తాడు కొని, వంటింటి గుమ్మం నుంచి బాల్కనీ దాకా గోడ వెంబడి మేకులు కొట్టి కట్టాలి. భార్య కోసం. ఆమెకి మూడేళ్ళుగా చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు కిటికీ ఏ పక్కన ఉందో తెలిసేంత వెలుతురు మాత్రమే మిగిలింది. అయితే ఆ బాల్కనీ తప్ప ఇల్లంతా ఆమె పాదాలకి తెలుసు. మంచం నుంచి పొయ్యికి పదకొండు అడుగులు, పొయ్యి నుంచి పంపుకి మూడు, గుమ్మం నుంచి మెట్లకి ఏడు. పప్పు ఏ డబ్బాలో ఉందో, ఏ మెట్టు పెచ్చు ఊడిందో అన్నీ తెలుసు. ఆ ఇంట్లో ఆమె గుడ్డిది కాదు. ఆ ఇల్లు దాటితేనే గుడ్డిది.

తాడు సంగతి అలా ఉండగానే పదింటికి సూపరింటెండెంటు ఇద్దర్నీ పిలిపించాడు.

"కొండవతల మన కొత్త శాఖ తెరుస్తున్నారు. మీ ఇద్దరిలో ఒకరు ఒకటో తారీఖుకల్లా అక్కడుండాలి. ఎవరన్నది నన్నడగొద్దు. శుక్రవారం సాయంత్రానికి మీరే తేల్చుకుని చెప్పండి. తేలకపోతే నేనే రాసేస్తా."

కొండవతల అంటే ఎనిమిది గంటల ప్రయాణం. క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. బయటికి వచ్చి ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. పెద్దల్లుడు తన భార్య సంగతి చెప్పి బతిమాలితే చిన్నల్లుడు వెళ్ళేవాడే. కానీ కింద మరదలు పదేళ్ళు కష్టపడి కుట్టుపని నిలబెట్టుకుంది. వీధంతా ఆమె గిరాకీయే. ఆమె మిషను ఎత్తి లారీలో వేయించమని అడగడానికి పెద్దల్లుడికి నోరు రాలేదు. నేను వెళ్తానులే అనడానికి చిన్నల్లుడికీ నోరు రాలేదు. నోరు రాని మగవాళ్ళు ఇద్దరు కలిస్తే ఏం చేస్తారు, పేకముక్కలు తీస్తారు.

"అన్నయ్యా, అదృష్టానికే వదిలేద్దాం. అప్పుడు ఎవరి మీదా ఎవరికీ కోపం ఉండదు," అన్నాడు చిన్నల్లుడు.

"ఏ ఆట?"

"పోకర్. అంబులెన్సు డ్రైవరు నేర్పాడుగా మనకి."

వాళ్ళిద్దరూ కలిసి ఉండేది రోజుకి పావుగంట, రెండింటికి డ్యూటీ మారేటప్పుడు. ఆ పావుగంటలోనే అరలన్నీ ఒక్కొక్కటిగా లాగి, కాలి బొటనవేలికి కట్టిన చీటీని రిజిస్టరుతో సరిచూసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మిగిలేది ఐదు నిమిషాలు. అందుకని ఒక్క ఆటనే ఐదు రోజులు ఆడాలనుకున్నారు. సోమవారం చెరి రెండు ముక్కలు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. మంగళవారం మధ్యలో మూడు ముక్కలు తిప్పాలి, బుధవారం ఒకటి, గురువారం ఒకటి. ఆ ఐదూ ఇద్దరికీ ఉమ్మడి. చేతిలో రెండూ, కింద ఐదూ కలిపి ఎవరి జట్టు పెద్దదైతే వాళ్ళు శుక్రవారం గెలిచినట్టు. ఓడినవాడు కొండవతలికి. రోజూ ఎవరైనా పందెం పెంచవచ్చు, ఇంట్లో వస్తువేదైనా పెట్టవచ్చు. ఎదుటివాడు అంతకి సరైనది పెట్టాలి. పెట్టలేకపోతే ముక్కలు పడేసి, ఓడినట్టు ఒప్పుకుని, తన సామాను తాను పట్టుకుని వెళ్ళిపోవాలి.

ముక్కలెక్కడ దాచాలి? పోయినవాళ్ళ ఉంగరాలూ గడియారాలూ పెట్టే కవర్లు ఉన్నాయి కదా, వాటిలో పెట్టి అంటించి, అంటించిన చోట ఇద్దరూ అడ్డంగా సంతకాలు చేశారు. అలవాటు కొద్దీ చీటీ కూడా రాశారు. పేరు పెద్దల్లుడు, వస్తువులు ముక్కలు రెండు. చెడిపోయి ఖాళీగా ఉన్న తొమ్మిదో అరలో కవర్లు పడుకున్నాయి.

పెద్దల్లుడికి పడినవి రెండు రాజులు. ఇస్పేటు ఒకటి, ఆటీను ఒకటి.

ఇక్కడే మొదలయ్యాయి అసలు తిప్పలు. సెలూన్ ఆయన ఒకప్పుడు పెద్ద పేకాటరాయుడు. గడ్డం గీస్తూ పెద్దల్లుడికి ఎన్నోసార్లు చెప్పిన మాట ఒకటుంది. "బలమైన ముక్కలు పడ్డప్పుడు మెదలకూడదయ్యా. పందెం పెంచావంటే ఎదుటివాడు బెదిరి పడేస్తాడు. నీరసంగా కూర్చో. వాడంతట వాడే లోపలికి వస్తాడు." ఇది సగం మాట. మిగతా సగం ఆయన చెవుల దగ్గర నురగ కడుగుతూ చెప్పాడు కాబట్టి పెద్దల్లుడికి వినబడలేదు. అది ఏమిటంటే, "నలుగురున్న బల్ల దగ్గర అలా ఆడు. ఇద్దరే ఉంటే మాత్రం ఆ వేషాలొద్దు. ఎదుటివాడి దగ్గర చాలావరకు ఏమీ ఉండదు, ముందే గట్టిగా పెట్టు, అక్కడితో పోతుంది." ఒక్క దోసెడు నీళ్ళు అడ్డం రాకపోతే ఈ కథే లేదు.

"పెంచుతావా అన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు.

"ఏం పెంచుతాంలే. ఇలాగే ఉండనీ," అని పెద్దల్లుడు పొట్టలోంచి ఒక నిట్టూర్పు తీశాడు. బాగా కుదిరింది. తనకే ముచ్చటేసింది.

ఇంటికి వెళ్తూ అతను ఇంకో ఆలోచన చేశాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ మాట్లాడుకుంటారు. మేడ మీద తుమ్మితే కింద తెలుస్తుంది. కాబట్టి నీరసం ఇంట్లో కూడా కొనసాగాలి. పేకాట సంగతి భార్యకి చెప్పకూడదు, చెబితే చెల్లెలి దగ్గర దాచలేదు. ఊరికే నిట్టూర్చాలి. అది డాబా మీదుగా చిన్నల్లుడి చెవికి చేరుతుంది, ముక్కలు బాగా పడలేదనుకుంటాడు. తాడు కొనడం ఈ హడావిడిలో మర్చిపోయాడు.

భోజనం దగ్గర నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు. కుర్చీలో కూలబడి నిట్టూర్చాడు.

"ఏమండీ, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది," అన్నాడు, బాగా లేనివాళ్ళు అనే పద్ధతిలో.

చూపున్న భార్య అయితే మొహం చూసి, ఏదో నటిస్తున్నాడని కనిపెట్టేసేది. ఆమెకి మొగుడంటే ఇప్పుడు గొంతు, అడుగుల చప్పుడు, ఊపిరి. ఆ ఊపిరే అలా వినబడితే ఆమె ఏమనుకోవాలి?

మంగళవారం రెండింటికి అరలు చూసి, సంతకాలు అయ్యాక మూడు ముక్కలు తిప్పారు. డైమండు రాజు. కళావరు రాజు. ఒక నాలుగు.

నాలుగు రాజులూ అతనివే. మిగతా ముక్కలు ఏవి వచ్చినా ఆ జట్టుని కొట్టే దారి ఇంచుమించు లేదు. పెద్దల్లుడికి మొహంలో నెత్తురంతా ఎటో పోయింది. సంతోషం బయటపడకుండా దగ్గు తెచ్చుకుని, పక్కనున్న బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

చిన్నల్లుడు ముక్కల వైపు చూడనేలేదు, అతని వైపే చూస్తున్నాడు. ముందురోజు రాత్రి భోజనం దగ్గర పెళ్ళాం చెప్పింది మరి, బావ అన్నం ముట్టడం లేదని.

"అన్నయ్యా, నా సైకిలు పెడుతున్నా," అన్నాడు మెల్లగా.

వచ్చాడు లోపలికి, అనుకున్నాడు పెద్దల్లుడు. "సరే, ఏం చేస్తాం. నా సైకిలూ పెడతాను," అని నీరసంగా తలూపాడు.

బుధవారం ఒక తొమ్మిది తిరిగింది. చిన్నల్లుడు రేడియో పెట్టాడు. అంతటితో ఆగకుండా కుక్కరు కూడా పెట్టాడు. పెద్దల్లుడు నిట్టూరుస్తూ రేడియోకి గోడగడియారం, కుక్కరుకి కుక్కరు సరిపెట్టాడు. ఇంత సులువా పేకాట, అనుకున్నాడు.

ఆ సాయంత్రం భార్య అతని మణికట్టు పట్టుకుని చూసింది. రేడియో గెలవబోతున్నవాడి నాడి ఎలా ఉంటుంది, గుర్రంలా పరుగెడుతోంది. ఆమె చెయ్యి వదిలేసింది. డాబా మీదికి వెళ్ళి, తడిబట్టలో మొహం పెట్టుకుని చెల్లెలితో చెప్పింది.

"ఆయన నా దగ్గర దాస్తున్నారే. ఊపిరి సరిగ్గా ఆడట్లేదు."

"అన్నేళ్ళు ఆ చలిగదిలో పని చేస్తే ఏమవుతుందక్కా? నాన్నకి కూడా ఇలాగే మొదలైంది. నువ్వు ఊరుకో, ఛాతీ డాక్టరుగారి భార్య జాకెట్లు నా దగ్గరే ఉన్నాయి. నేను చెప్తాను."

గురువారం పొద్దున పదకొండింటికి ఛాతీ డాక్టరు స్వయంగా శవాల గదికి వచ్చాడు. బతికున్న మనిషిని పరీక్షించడానికి ఒక డాక్టరు ఆ గదికి రావడం అదే మొదటిసారి. "మీ తోడల్లుడు కూడా మరీ మరీ చెప్పాడయ్యా, ఒకసారి చూడమని," అన్నాడు.

పెద్దల్లుడికి మెరుపులా తట్టింది. ఓహో, నా చేతిలో ఏమున్నాయో కనిపెట్టడానికి గూఢచారిని పంపాడన్నమాట. నేను హుషారుగా కనబడితే ముక్కలు బాగున్నాయని తెలిసిపోతుంది. నాతోనా?

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"రాకుండా ఎలా ఉంటుంది సార్."

"ఆకలి?"

"దాని మొహం చూసి నాలుగు రోజులైంది."

"రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?"

"ఎక్కడ పడుతుంది," అన్నాడు. ఇది మాత్రం నిజం, నాలుగు రాజులు నిద్రపోనివ్వరు. దగ్గమన్నప్పుడు దగ్గాడు, దగ్గొద్దన్నప్పుడూ దగ్గాడు. డాక్టరు ఏదో రాసుకుని భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టడంలో జాలి ఉంది. పెద్దల్లుడు దాన్ని గూఢచారి ఓటమి కింద జమకట్టాడు.

రెండింటికి ఆఖరి ముక్క తిరిగింది, ఒక రెండు. చిన్నల్లుడు తన ఉన్నికోటు విప్పి బల్ల మీద పెట్టాడు. మామగారు ఇచ్చిన కోటు, ఆ గదిలో అది లేకుండా గంట నిలబడలేరు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది కూడా ఉంచు అన్నయ్యా. వెచ్చగా ఉంటుంది."

ఓడిపోతున్నానని తెలిసి ఏడుస్తున్నాడు పాపం, అనుకున్నాడు పెద్దల్లుడు. కొంచెం జాలేసింది కూడా. జాలి పడుతూనే తన కోటు పక్కన పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వస్తే భార్య మెట్ల మీద ఉంది. చేతిలో సంచీ. గోడ పట్టుకోకుండా దిగుతోంది, పెదాలు కదుపుతూ. కింద దాకా దిగి, గేటు వైపు తిరిగి, తప్పు లెక్కేసుకుని ఇనుపకడ్డీకి మోకాలు కొట్టుకుంది. నొప్పి మింగి మళ్ళీ మొదటి మెట్టు దగ్గరికి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"బజారు దాకా అడుగులు నేర్చుకుంటున్నా."

"నేను తెస్తున్నాగా అన్నీ. ఇప్పుడెందుకు?"

"ఎందుకో ఒకందుకు," అంది. గొంతు మామూలుగానే ఉంది. మోకాలి దగ్గర చీరకి నెత్తురు అంటుతోంది, అది ఆమెకి కనబడదు కదా.

అప్పుడు అతను నోరు తెరిచాడు. నాకేం జబ్బు లేదే పిచ్చిదానా, నీ ఇల్లు నీకు ఉంచడానికే ఈ వేషమంతా, రేపటితో అయిపోతుంది, అని చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే కింద మరదలి చెప్పుల చప్పుడైంది. ఒక్క రోజే కదా, అనుకున్నాడు. తెరిచిన నోరు ఊరికే మూయలేక, దాంట్లోంచి ఒక నిట్టూర్పు వదిలాడు. వారం మొత్తానికి అదే బాగా వచ్చిన నిట్టూర్పు. ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయింది.

శుక్రవారం రెండింటికి కవర్లు తీశారు. సంతకాలు సరిచూసుకున్నారు. పెద్దల్లుడు ముందుగా ఇస్పేటు రాజుని పెట్టాడు, తర్వాత నింపాదిగా ఆటీను రాజుని పెట్టాడు. వెన్ను నిటారుగా చేసుకుని, ఐదు రోజుల తర్వాత మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"నాలుగు రాజులు తమ్ముడూ. ఇప్పుడు చెప్పు."

చిన్నల్లుడు ఆ ముక్కలు చూసి దిగాలు పడలేదు. పెద్ద బరువు దింపుకున్నవాడిలా బల్లకి చేరగిలబడి, తనవి తిప్పాడు. ఒక ఏడు, ఒక రెండు.

"హమ్మయ్య, నువ్వే గెలిచావు. ఎక్కడ నేను గెలిచి చస్తానో అని హడిలిపోయాను. ఆఖర్న ఆ రెండు వచ్చి నాకో జత పడేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి."

"ఏడూ రెండూ పెట్టుకుని కోటు దాకా పెంచావా?"

"నీకివ్వాలనే కదా పెంచింది. ఊరికే ఇస్తే పుచ్చుకుంటావా నువ్వు? జబ్బుమనిషివి, రేడియో ఉంటే పొద్దుపోతుంది, కోటుంటే వెచ్చగా ఉంటుంది."

"నాకేం జబ్బురా?"

"ఊరుకో అన్నయ్యా, నా దగ్గర కూడానా." చిన్నల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. "అసలు సోమవారమే పడేసేవాణ్ణి. ఏడూ రెండూ పట్టుకుని ఎవడు కూర్చుంటాడు? నువ్వు ఒక్క సైకిలు పెట్టి ఉంటే అప్పుడే నా వల్ల కాదని లేచేవాణ్ణి. ఆ రోజే వీధిలో చెప్పి పెట్టె కట్టుకుందును. నువ్వేమో పెంచనంటివి. సరే చూద్దాం, ఇంకో ముక్క ఊరికే వస్తోంది కదా అని కూర్చున్నా."

పెద్దల్లుడు ఆ మాట ఇంకా మింగకముందే సూపరింటెండెంటు కాగితంతో లోపలికి వచ్చాడు. పాపం, ముక్కు కూడా మూసుకోలేదు, అంత జాలిలో ఉన్నాడు.

"ఏమయ్యా పెద్దల్లుడూ, ఇంత జబ్బు పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదే? ఇదిగో, నువ్వు అవస్థ పడక్కర్లేదు. నీ మరదలు వచ్చి కాళ్ళావేళ్ళా పడింది. డాక్టరుగారు కూడా రాసిచ్చారు, చలిగదిలో ఒక్క రోజు కూడా ఉంచకూడదని. కొండవతల శాఖలో చలిగది ఇంకా కట్టనేలేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని. కొండగాలి. నిన్ను అక్కడికి వేశాను."

పెద్దల్లుడు ఆ కాగితాన్ని రెండు చేతులతో వెనక్కి తోశాడు.

"సార్, నాకేం లేదు సార్. నేను నటించాను."

సూపరింటెండెంటు కాగితంలో ఆఖరి వరస మీద వేలు పెట్టి చదివాడు. "రోగి తన జబ్బును ఒప్పుకోడు. డాక్టరుగారు ముందే రాశారు."

"నేను పోతాను సార్ కొండవతలికి," అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వు పోతే ఈ చలిలో ఇతన్ని పెట్టాలి. రేపు ఇక్కడే పోతే, ఇక్కడే ఏదో అరలో పెట్టి, నేనే సంతకం పెట్టుకోవాలి. వద్దు బాబూ," అని ఆయన కాగితం బల్ల మీద, రాజుల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు ఇంటికి వెళ్ళి భార్య ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. రాజులు, సైకిలు, డాక్టరు, అన్నీ.  అతను చావడం లేదని తెలిసిన సంతోషం ఆమెకి ముందు వచ్చింది, అది తుడుచుకున్నాక అడిగింది.

"ఆ నిట్టూర్పులన్నీ నటనేనా?"

"నటనే."

"ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నాకు కనబడదు. ఎవరి కోసమండీ నటించారు?"

 ఆమె లేచి పదకొండు అడుగులు వేసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడింది, వెలిగించలేదు.

కొండవతల వాళ్ళకి ఇచ్చింది ఒకే గది. మంచం మీద కూర్చుంటే పొయ్యి అందేది, పొయ్యి దగ్గర నిలబడితే పంపు అందేది. ఆమె ఆ గదిని ఒక్క పూటలో నేర్చుకుంది. గది బయట మాత్రం అంతా కొండ, రాళ్ళు, అడుగుకో ఎత్తు. ఏడాదైనా ఒంటరిగా గుమ్మం దిగలేదు. గెలిచిన రేడియో గూట్లో వాగుతూ ఉండేది. చిన్నల్లుడు నెలకోసారి చూడటానికి వచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ బస్సు దిగిన దగ్గర్నుంచీ ఏడ్చేవాడు.

రెండో చలికాలం పెద్దల్లుడికి నిజంగానే ఛాతీ పట్టేసింది. కొండగాలి మరి. మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి గోడలు పట్టుకుంటూ వచ్చి మంచం మీద పడ్డాడు. ఊపిరి తీస్తే లోపల ఏదో గీరుకున్నట్టు. తనకి తెలియకుండానే నిట్టూర్చాడు.

భార్య బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఈసారి చేతిలో ఏమున్నాయి?" అంది.



"ఏమీ లేవే," అన్నాడు. "నిజంగా ఏమీ లేవు."

ఆమె చేట పక్కన పెట్టి, వచ్చి నుదురు పట్టుకుని చూసింది. కాలిపోతోంది. దుప్పటి కప్పింది. అతను బతికాడు లెండి, మూడు వారాలు పట్టింది.

ఇదీ కథ. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోండి, ఇంట్లో వాళ్ళకి చెప్పండి, వాళ్ళని ఇంకొకరికి చెప్పమనండి. చెప్పేటప్పుడు మాత్రం మధ్యలో నిట్టూర్చకండి, ఎవరైనా డాక్టరుని పిలుస్తారు.